షూఫెన్ దుకాణంలో ఆడిన సినిమా

షహర్బాను చేసే ఉద్యోగం ఏమిటో చెబితే రాయచోటిలో ఉన్న ఆమె చిన్నమ్మ నమ్మలేదు. పొద్దున్నే ఆఫీసుకు పోయి, ఏసీ గదిలో కూర్చుని, దుబాయ్‌లో ఇంకా ఎవరూ చూడని తెలుగు సినిమా చూడడం, నెల తిరిగేసరికి దానికి జీతం తీసుకోవడం. "ఏదో చెప్పకూడని పని చేస్తాండావు, అందుకే నాకు సినిమా కతలు చెప్తాండావు" అని ఫోన్‌లోనే నిష్ఠూరమాడింది.

ఆ గది దాకా షహర్బాను వచ్చిన దారి తిన్ననిది కాదు. భర్త పోయాక, పిల్లలు లేని మనిషి, ఇంటిపని వీసా మీద షార్జా వచ్చింది. పెద్ద కుటుంబం. ఎందరున్నా ఆమె పని ముఖ్యంగా ఒక ముసలావిడ దగ్గర. ఇంటి ఇల్లాలిని పనివాళ్ళు మామా అనడం అక్కడి అలవాటు. ఈవిడ అందరికీ పెద్ద మామా. మోకాళ్ళు పట్టేసి మంచం దిగలేకపోయేది. మధ్యాహ్నాలు ఈజిప్టు సీరియళ్ళు పెట్టించుకుని, ఎవరు ఎవరికి ఏమవుతారో, ఎవరు ఎవర్ని మోసం చేస్తున్నారో షహర్బానుకు విడమరిచి చెప్పేది. చిన్నప్పుడు ఖురాన్ చదవడానికి నేర్చుకున్న అక్షరాలు షహర్బానుకు ఉండనే ఉన్నాయి. మాటలు పెద్ద మామా ఇచ్చింది. గ్లాసు పగలగొట్టినా "ఫిదైతిచ్" అని బుగ్గ నిమిరేది. నా తల్లే, నీకోసం నా ప్రాణమైనా ఇస్తానే, అన్నంత ముద్దు ఉంది ఆ ఒక్క మాటలో.

ఆవిడ కన్నుమూశాక కూతురు షహర్బానును ఊరికి పంపేయలేదు. బర్ దుబాయ్‌లో తమకు తెలిసినవాళ్ళ సినిమా కంపెనీలో టీ కాయడానికి పెట్టించి, దగ్గరుండి వీసా మార్పించింది. ఇండియా సినిమాలు తెప్పించి ఇక్కడి హాళ్ళకు ఇచ్చే కంపెనీ అది. షహర్బాను కరామాలో ఒక గదిలో మంచం అద్దెకు తీసుకుని, అక్కడి నుంచి ఆఫీసుకు పోయి వచ్చేది.

ఇంతలో కరోనా వచ్చింది. హాళ్ళు మూతపడ్డాయి, ఆఫీసూ మూతపడింది. మళ్ళీ తెరిచేసరికి తెలుగు సినిమాలకు అరబ్బీ మాటలు రాసే మనిషి ఊరికి పోయినవాడు పోయినట్టే ఉండిపోయాడు. ఏ సినిమా అయినా హాలుకు పోయే ముందు సెన్సార్ చూడాలి. అక్కడి వాళ్ళకు తెలుగు రాదు కాబట్టి బొమ్మ కింద అరబ్బీలో మాటలు వేసి పంపాలి. ఆఫీసు నడిపే అర్షద్ హైదరాబాద్ మనిషి. అరబ్బీ చకచకా టైపు చేస్తాడు కానీ పల్లెల తెలుగు అతనికి సగమే అందుతుంది. ఆమెను అక్కా అన్నట్టు ఆపా అని పిలిచేవాడు. ఒకరోజు టీ అందుకుంటూ అడిగాడు.

"ఆపా, మీకు అరబ్బీ వస్తది, తెలుగు వస్తది. మీరు చెప్తుంటే నేను కొడతా. ట్రై చేద్దామా?"

అలా మొదలైంది. ఆమె చూస్తూ చెప్పేది, అతను టైపు చేసేవాడు. చిక్కు ఒక్కటే వచ్చింది.

"ఈ మాట నా నోట్లోంచి రాదు సార్" అనేది, తెరమీద ఎవరైనా బూతు తిట్టినప్పుడు.

"రాకపోతే ఎట్ల ఆపా? సెన్సార్‌వాళ్ళు అడుగుతరు కద, ఆయన ఏమన్నడని."

చివరికి ఇద్దరికీ ఒప్పందం కుదిరింది. బూతు వస్తే షహర్బాను టీ చెంచాతో బల్లమీద ఒకసారి కొడుతుంది. మరీ పెద్దదైతే రెండుసార్లు. అర్షద్ తనకు తోచిన అరబ్బీ తిట్టు వేసుకుంటాడు. కత్తులు, సుమోలు ఉన్న సినిమా వచ్చిన రోజున ఆ గదిలో చెంచా మోత బయట వరండా దాకా వినిపించేది. అల్లా తన చేతికి చీపురు బదులు చెంచా ఇచ్చాడని ఆమె నవ్వుకునేది. ఆ నవ్వు వెనక నిజమైన కృతజ్ఞత ఉండేది. పెద్ద మామా పేరు తలచుకోకుండా ఆమె ఒక్క నమాజూ ముగించలేదు.

రెండువేల ఇరవై మూడు చలికాలంలో ఒక చిన్న సినిమా వచ్చింది. పేరున్న హీరో లేడు. గల్ఫ్‌లో ఒక ఇంటికి పనికి వచ్చిన తెలుగు ఆడమనిషి కథ. ఆ ఇంటివాళ్ళు ఆమె ఫోన్ లాక్కుంటారు. బయటికి పోనివ్వరు. రోజూ బట్టలు ఇస్త్రీ చేసే గదిలో, చల్లబడిన ఇస్త్రీపెట్టె చెవికి ఆనించుకుని, ఊళ్ళో ఉన్న కూతురితో మాట్లాడుతున్నట్టు మాట్లాడుకుంటుంది. అన్నం తిన్నావా, జడ ఎవరేశారు, బడికి పోయినావా అని. అక్కడికి వచ్చేసరికి షహర్బాను చెప్పడం ఆపి కళ్ళు తుడుచుకుంది. అర్షద్ సినిమా ఆపి, మంచినీళ్ళు తెచ్చి ఇచ్చాడు. తల్లి కూతుర్ని "నా తల్లే" అని పిలిచిన చోట ఆమె ఆలోచించకుండా పెద్ద మామా మాటే చెప్పింది. అతను అలాగే కొట్టాడు.

సినిమాకు అనుమతి రాలేదు.

"కారణం ఏమన్నా చెప్పినారా సార్?"

"ఏం చెప్పరు ఆపా. ఇది నడవదు అన్నరు. ఖలాస్."

షహర్బాను నొచ్చుకుంది గానీ కోపం తెచ్చుకోలేదు. తాను పని చేసిన ఇల్లు అలాంటిది కాదు. కాకపోయినా అలాంటి ఇళ్ళు ఉంటాయని ఆమెకు తెలుసు. తన పక్క మంచం మనిషిని చూస్తే తెలుసు.

పక్క మంచం కిష్టవ్వది. జగిత్యాల వైపు మనిషి, షహర్బాను కంటే పెద్దది. దుబాయ్‌లో ఒక బడిలో ఊడ్చి తుడిచే పని చేస్తుంది. ఇక్కడికి రాకముందు వేరే దేశంలో ఎవరింట్లోనో రెండేళ్ళు ఉంది. ఆ రెండేళ్ళ ఊసు ఎప్పుడూ ఎత్తదు. గది తలుపు ఎవరైనా లోపలినుంచి గడియ వేస్తే మాత్రం లేచిపోయి తీసి వస్తుంది. షహర్బాను ఎన్నడూ అడగలేదు. ఆఫీసు గదిలో చూసింది బయట చెప్పకూడదనే నియమం ఉంది కాబట్టి సినిమా సంగతీ చెప్పలేదు.

ఆ తర్వాత కొన్ని వారాలకు, ఎండాకాలం ఊరికి పోయి రావడానికి కిష్టవ్వకు సెలవు దొరికింది. కోరుట్లలో ఉన్న కూతురు ప్రేమ కొడుక్కి గోడమీద బొమ్మలు పడే పెట్టె కావాలట. ఒక ఆదివారం ఇద్దరూ మెట్రో దిగి బస్సెక్కి, ఊరి చివర ఎడారి పక్కనున్న చైనా మార్కెట్‌కు వెళ్ళారు. బాత్రూం పలకల నుంచి సవరాల దాకా దొరకనిది లేదక్కడ. నడిచి నడిచి, చిన్న ప్రొజెక్టర్లు పేర్చిన ఒక దుకాణం ముందు ఆగారు.

దుకాణం నడిపే ఆమె పేరు షూఫెన్. యాభై దాటిన మనిషి, పొట్టి జుట్టు, కళ్ళజోడు నెత్తిమీదికి తోసుకుని ఉంది. అరబ్బీ, హిందీ, ఇంగ్లీషు ముక్కలు కలిపి గబగబా మాట్లాడుతుంది.

"పెన్‌డ్రైవ్ ఫ్రీ. హిందీ, మలబారీ, తెలుగు. హాల్‌లో వచ్చింది ఉంది. హాల్‌లో మమ్నూ, అది కూడా ఉంది."

మమ్నూ అంటే నిషేధం. షహర్బాను నవ్వి ఊరుకుంది. షూఫెన్ పెట్టెలో పెన్‌డ్రైవ్ గుచ్చి, దుకాణం వెనక తెల్లగోడ మీద బొమ్మ వేసింది. తెలుగు సినిమా. కింద అరబ్బీ అక్షరాలు.

ఒక్క వరుస చదివేసరికి షహర్బాను గోడ దగ్గరికి ఒక అడుగు వేసింది. ఆ మాటలు తనవి. షూఫెన్ నమూనా చూపిద్దామని సినిమాను ముందుకు జరిపింది. ఇస్త్రీ గది వచ్చింది. తల్లి మాట్లాడుతోంది. కింద పెద్ద మామా మాట. సినిమా కోసం ఆ మాట రాసే పిచ్చిది ఈ దేశంలో తనొక్కతే.

పక్కకు తిరిగి చూస్తే కిష్టవ్వ నిలబడి లేదు. ఒక అట్టపెట్టె మీద కూర్చుండిపోయి గోడవైపే చూస్తోంది. పెట్టె ఆపబోయిన షూఫెన్ ఆమె ముఖం చూసి చెయ్యి వెనక్కి తీసుకుంది. బయట అడుగుతున్న బేరాన్ని "బాద్‌మే, బాద్‌మే" అని పంపేసింది. వేడినీళ్ళలో ఏవో ఎండిన పూలు వేసి, గ్లాసు కిష్టవ్వ చేతిలో పెట్టింది. సినిమా చివరి దాకా ఆడింది. ముగ్గురు ఆడవాళ్ళు ఆ ఇరుకు దుకాణంలో కళ్ళు తుడుచుకుంటూ చూశారు.

బస్సులో కిష్టవ్వ నోరు తెరిచింది.

"నేన్ సబ్బుపెట్టె వట్టుకొని మాట్లాడేదాన్ని బానూ. బాత్‌రూమ్‌ల. నీళ్ళు ఇడ్సిపెట్టి, ఎవ్వలకు ఇనరాకుంట."

షహర్బాను ఆమె చెయ్యి పట్టుకుంది.

"ప్రేమ అప్పుడు తొమ్మిదో తరగతి. రెండేండ్లు ఒక్క ఫోన్ లేదు. అమ్మ మనల్ని మర్శింది అనుకున్నది పిల్ల. ఇప్పటికి గట్లనే అనుకుంటది. నేనేం జెప్పలే. జెప్తే దానికి బాధ, జెప్పకుంటే నాకు."

"ఇప్పుడన్నా చెప్పు అక్కా."

"నోరు రాదే. ఇయ్యాల సిన్మల ఆమె జెప్పింది గద, నాకు బదులు."

షహర్బాను ఆ రాత్రంతా రెండు వైపులా ఆలోచించింది. ఎవరు దొంగిలించారో గానీ, ఆ దొంగసరుకు వల్లే కిష్టక్క ఇన్నేళ్ళకు నోరు తెరిచింది. అయినా తన ఆఫీసు సొత్తు బజార్లో అమ్ముతుంటే చూసి ఊరకుండడం తిన్న ఇంటికి ద్రోహం చేసినట్టే. తెల్లవారి నేరుగా పోయి అర్షద్‌కు చెప్పేసింది.

అర్షద్ కుర్చీలోంచి లేచిపోయాడు. అనుమతి రాని సినిమా, అదీ సెన్సార్‌కు పంపిన కాపీయే, బజార్లో పడిందంటే కంపెనీ లైసెన్సుకే ముప్పు. యజమాని అందర్నీ పిలిచి అడిగాడు. ఆ కాపీ తాకింది ఇద్దరే, అర్షద్, షహర్బాను. మార్కెట్‌కు పోయింది ఒక్కరే.

"ఆమె దొంగైతే వచ్చి మీకెందుకు చెప్తది సార్?" అని అర్షద్ గట్టిగానే అన్నాడు. యజమాని వినలేదు. సంగతి తేలేదాకా ఇంట్లో ఉండమన్నాడు. పాస్‌పోర్టు అడగలేదు, తిట్టలేదు. అంతవరకూ మర్యాదగానే చేశాడు. కానీ ఉద్యోగం పోతే వీసా పోతుంది, వీసా పోతే షహర్బాను ఎక్కడికి పోవాలి? రాయచోటిలో చిన్నమ్మ అరుగు తప్ప ఏమీ లేదు.

కిష్టవ్వను తోడు తీసుకుని మళ్ళీ చైనా మార్కెట్‌కు పోయింది. ఉన్నదున్నట్టు చెప్పి, ఈ సినిమాలు ఎవరు నింపి ఇస్తారని అడిగింది. షూఫెన్ లేచి సగం షట్టర్ కిందికి లాగింది.

"పోలీస్ వస్తే దుకాణం ఖలాస్. నా వీసా ఖలాస్. నేను చెప్పను."

ఆ భయం ఎలాంటిదో షహర్బానుకు ఒకరు చెప్పక్కర్లేదు. తన గుండెలోనూ అదే ఉంది. "సరే మేడం. నీ కడుపు కొట్టేదానికి రాలేదు" అంది తెలుగులోనే, మిగతాది హిందీలో సర్దిచెప్పింది. ఆఫీసు ఎక్కడని షూఫెన్ అడిగితే చెప్పి, వచ్చిన దారినే తిరిగి వచ్చేసింది. కిష్టవ్వ మాత్రం దుకాణం గుమ్మంలో ఒక క్షణం ఆగి, చైనా ఆమె భుజం మీద చెయ్యి వేసి తట్టింది. "నీ నీళ్ళు తాగిన. నిన్నేమంట?" అంది.

మూడు నాలుగు రోజుల తర్వాత అర్షద్ నుంచి ఫోన్. "ఆపా, జల్ది రండి. ఎవరో చీనా మేడం వచ్చి కూసుంది. మీరొస్తే గానీ మాట్లాడదంట."

షహర్బాను పరుగున పోయింది. షూఫెన్ మంచి కోటు వేసుకుని, ఒళ్ళో సంచీ పెట్టుకుని, యజమాని ఎదుట నిటారుగా కూర్చుని ఉంది. షహర్బానును చూశాక సంచీ తిరగేసింది. పెన్‌డ్రైవ్‌లు బల్లమీద గలగలా పడ్డాయి.

"అన్నీ ఇవే. నేను అమ్మాను. తప్పు నాది" అంది అరబ్బీలో, ఒక్కో మాటా కూడబలుక్కుని. "ఒకడు వారంవారం వచ్చి దుకాణాలకు నింపి ఇస్తాడు. ఈమె ఎప్పుడూ రాలేదు. ఈమె చూసి ఏడ్చింది. దొంగ ఏడవడు."

"ఈమె నీకేమవుతుంది?" అని యజమాని అడిగాడు.

షూఫెన్ పెన్‌డ్రైవ్‌లను ఒక పక్కకు పోగుచేసింది. "కస్టమర్" అంది. "ఇంకా కొనలేదు."

ఆ మనిషి నంబరు చెప్పమంటే ఫోన్ చూసి చెప్పింది. అర్షద్ తన ఫోన్‌లో నొక్కుతూ ఉండగానే తెరమీద పేరు దానంతట అదే వచ్చింది. ఆఫీసు కంప్యూటర్లు బాగుచేయడానికి బయటినుంచి వచ్చే మనిషి. ఆ చలికాలంలోనే ఒక హార్డ్‌డిస్కు చెడిందని ఇంటికి తీసుకుపోయి తెచ్చాడు. యజమాని లేచి, షహర్బాను ముందుకు వచ్చి, గుండెమీద చెయ్యి పెట్టుకుని తల వంచాడు. ఆమె కంగారుపడి, అలవాటుకొద్దీ "టీ తెమ్మంటారా" అంది.

ఆ టీ తాగుతూ షూఫెన్ తను ఎందుకు వచ్చిందో చెప్పింది. వాళ్ళ నాన్న బొగ్గుగని కూలీ. వాళ్ళ ఊరి గనుల మీద ఎవరో సినిమా తీశారు. దాన్ని అక్కడ ఆడనివ్వలేదు. నాన్న చూడకుండానే పోయాడు. ఆమె దుబాయ్ వచ్చిన కొత్తలో, అదే మార్కెట్లో, ఊరివాళ్ళెవరో ఒక డిస్కు చేతిలో పెట్టారు. "చూశాను. అందులో ఒక ముసలాయన దగ్గాడు. మా నాన్న దగ్గే. రెండుసార్లు వెనక్కి తిప్పి విన్నాను." కిష్టవ్వ అట్టపెట్టె మీద కూర్చున్నప్పుడు తనకు ఆ దగ్గు వినిపించిందట. "మీరు పోయాక నిద్ర రాలేదు" అంది, గ్లాసు కింద పెడుతూ.

కంపెనీ అధికారులకు చెప్పక తప్పలేదు. ఆ రిపేరు మనిషి పట్టుబడ్డాడు, షహర్బాను మళ్ళీ పనిలో చేరింది. షూఫెన్ తానుగా వచ్చి ఒప్పుకుందని, ఆమె మీద కనికరం చూపమని యజమాని స్వయంగా రాసి ఇచ్చాడు. జరిమానాతో, కొన్ని వారాలు దుకాణం మూయించి వదిలిపెట్టారు. ఆ వారాలన్నీ రంజాన్ నెలలో పడ్డాయి. సాయంత్రాలు షూఫెన్ కరామా వచ్చేది. ఆమెకు ఉపవాసం లేదు, కానీ ఇఫ్తార్ వేళకు సరిగ్గా తలుపు కొట్టేది. షహర్బాను చేసిన సంగటి ముద్దను చూసి మొదట భయపడింది. తర్వాత కోడికూరలో ముంచుకుని, కళ్ళనీళ్ళు తుడుచుకుంటూ, ఇంకో ముద్ద అడిగింది. నెల తిరిగేసరికి దుకాణం మళ్ళీ తెరిచారు. ప్రొజెక్టర్లు అలాగే ఉన్నాయి. సినిమాల చోట దీపాల తోరణాలు వేలాడుతున్నాయి. "ఇది ఎక్కడా మమ్నూ కాదు" అంది షూఫెన్.

తన కోసం ఆమె నష్టపోయిందన్న మాట షహర్బాను గుండెలో బరువుగానే ఉండేది. ఒకరోజు అడిగేసింది, మామీద కోపం లేదా అని. షూఫెన్‌కు ప్రశ్న అర్థం కాలేదు. అర్థమయ్యాక భుజాలు ఎగరేసి, "నువ్వు మొదటిరోజు పోలీసుతో రాలేదు. సరే అని వెళ్ళిపోయావు" అంది. అంతే. షహర్బాను ఆ రాత్రి నమాజులో పెద్ద మామా పేరు పక్కన ఇంకో పేరు చేర్చింది. అల్లాకు ఆ పేరు సరిగా పలికానో లేదోనని రెండోసారి కూడా పలికింది.

ఇక కిష్టవ్వ. ఆమె కూతురికి తన కథ చెప్పలేదు. చెప్పలేక ఒక ఉపాయం చేసింది. ఆ సినిమా ఊళ్ళో అందరూ చూసేదే, టీవీలో కూడా వచ్చింది. ప్రేమకు ఫోన్ చేసి, "బిడ్డా, గా సిన్మ ఒక్కపారి సూడు" అంది. ఎందుకని అడిగితే, "సూడమన్న కద" అని పెట్టేసింది.

రెండు రోజులు ప్రేమ నుంచి ఫోన్ లేదు. కిష్టవ్వ అన్నం సరిగా తినలేదు. మూడో రోజు సాయంత్రం, షహర్బాను బియ్యం కడుగుతుండగా మోగింది. కిష్టవ్వ ఆత్రంగా ఎత్తబోతే స్పీకర్ మీద వేలు పడింది.

"అమ్మా." ప్రేమ గొంతు బొంగురుపోయి ఉంది. "నువ్ రెండేండ్లు ఫోన్ చేయకపోయింది గందుకేనా?"

షహర్బాను కుళాయి కట్టేసింది.

"మరి నాకెందుకు చెప్పలేవే? నేన్ నీమీద ఎన్నేండ్లు కోపం పెట్టుకున్న."

"పెట్టుకోని గదా సదువుకున్నవ్ బిడ్డా. గదే మంచిగనిపించింది నాకు" అంది కిష్టవ్వ. అటువైపు ప్రేమ ఏడుస్తూనే నవ్వింది. తర్వాత తల్లీకూతుళ్ళు చాలాసేపు మాట్లాడుకున్నారు. అన్నం తిన్నావా, బాబు జుట్టు తీయించినావా, ఇల్లు కురుస్తుందా అని, ఏవేవో. షహర్బాను బియ్యం పొయ్యిమీద పెట్టి, వాళ్ళకు గది వదిలేసి, మెట్లమీదికి వచ్చి కూర్చుంది. కింద కరామా వీధిలో మల్లెపూలమ్మే కొట్టు దగ్గర ఆడవాళ్ళు బేరమాడుతున్నారు. తన నోటినుంచి వచ్చిన అరబ్బీ మాటలు ఏ హాలు తెరమీదికీ రాలేదు. సినిమా మాత్రం ఏ దారిన చేరాలో ఆ దారిన చేరింది. ఆమెకు ఎవరిమీదా ఫిర్యాదు లేదు.

కిష్టవ్వ సెలవుకు పోయే రోజున షూఫెన్ దుకాణానికి తాళం వేసి విమానాశ్రయానికి వచ్చింది. మనవడికి ప్రొజెక్టర్, ఇంటికి దీపాల తోరణం, తనే కట్టి తెచ్చింది. డబ్బులిస్తే చేతులు వెనక్కి పెట్టుకుంది. కిష్టవ్వ లోపలికి పోతూ మూడుసార్లు వెనక్కి తిరిగి చెయ్యి ఊపింది.

"మళ్ళీ వస్తుందా?" అని అడిగింది షూఫెన్, గాజు తలుపుల వైపు చూస్తూ.

"వస్తుంది" అంది షహర్బాను. "పోనూ రానూ టికెట్ తీసినాము."

ఇద్దరూ మెట్రో వైపు నడిచారు.